మధ్యలో ఒత్తుతోంది

ఆ మూడు బొమ్మలూ అలా వరసగా పెట్టి నా మొహంలోకి చూడకండి డాక్టరమ్మా. ఇందాకట్నించీ అదే ప్రశ్న. ఏది కావాలి, ఏది కావాలి! అడిగి అడిగి మీకూ విసుగు రావట్లేదూ?

తెలుసండీ, తెలుసు. తీసి పెట్టుకునే ప్లేటు ఒకటి. అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళని అరగదీసి, వాటిమీద కట్టే బ్రిడ్జి ఒకటి. ఎముకలో స్క్రూ బిగించి, నాలుగు నెలలు ఆగి, దానిమీద పన్ను నిలబెట్టేది ఇంకొకటి. బుద్ధిగా తలూపుతుంటే ఏమీ తెలియనివాణ్ణి అనుకున్నారు కాబోలు. ఆ ప్లేటు బొమ్మ చేసింది నేనే. కింద చూడండి, నా గుర్తు ఉంటుంది.

ముప్ఫయ్యొక్క ఏళ్ళమ్మా. మీరు రాకముందు, పెద్ద డాక్టరుగారి హయాంలో, ఈ గోడకి అవతల ఉన్న వెనకగదిలో కూర్చుని ఊరందరికీ పళ్ళు కట్టాను. పళ్ళాయన అంటే నేనే. ఇప్పుడు పై నాలుగు పళ్ళూ ఊడిపోయి నోరు గుహలా పెట్టుకుని వీధిలో వెళ్తుంటే, చూసి నవ్వనివాడు లేడు. పళ్ళాయనకే పళ్ళు లేవట!

అవునమ్మా, విన్నాను. ఎముక గట్టిగా ఉంది, షుగరు లేదు, స్క్రూ పడుతుంది అన్నారు. సంతోషం. మా అమ్మాయిదీ అదే పట్టు. "ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళకి పెట్టావు నాన్నా, ఇప్పుడు నువ్వు మంచివి పెట్టించుకో" అని. పిల్ల పోరు పడలేక వచ్చి కూర్చున్నాను గానీ, నా మనసు ఈ కుర్చీలో లేదు.

బయట బెంచీ మీద మా ఆవిడ ఉంది, చూశారా? గోధుమరంగు శాలువా, ఒళ్ళో సంచి. అసలు మీరు చూడాల్సింది ఆవిడ నోరు. నాది కాదు.

అయ్యో, పిలవకండి! ఇప్పుడే వద్దు. తలుపు వేసే ఉందిగా? కూర్చోండి. ముందు నేను చెప్పేది వినండి. విన్నాక మీరే అంటారు, ఈ మనిషికి మళ్ళీ పళ్ళొకటా అని.

మా పని ఎలా ఉంటుందో మీకు పూర్తిగా తెలియదు. ఏమనుకోకండి, తెలియదు. మీరు ఇక్కడ నోట్లో ముద్ద పెట్టి కొలత తీస్తారు. మా గదికి వచ్చేది ఆ ముద్ద. అందులో ప్లాస్టరు పోస్తాం. గట్టిపడ్డాక ఊడదీస్తే మనిషి నోరు చేతిలోకి వస్తుంది. తెల్లటి నోరు. దాన్నే అచ్చు అంటాం. మనిషిని మాత్రం చూడం. పొడుగో పొట్టో, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో మాకేం తెలుసు? ప్లాస్టరు నోళ్ళతో ఒక సుఖం ఉందమ్మా, అవి నొప్పి అనవు.

ఆ ముద్దలో ఎక్కడైనా గాలిబుడగ ఉందనుకోండి, ప్లాస్టరు అందులోకీ దూరుతుంది. అచ్చు మీద చిన్న బొడిపె లేస్తుంది. నోట్లో లేనిది అచ్చులో ఉంటే ప్లేటు తేడాగా వస్తుంది కదా. అంచేత కత్తి పెట్టి గీకేస్తాం. రోజుకి ఎన్ని గీకుతామో లెక్కే లేదు. కన్ను చూసేలోపలే చెయ్యి గీకేస్తుంది. చెయ్యి తిరిగినవాడంటే అదే మరి.

మా ఆవిడకి పై పళ్ళన్నీ పోయి పన్నెండేళ్ళయింది. చిగుళ్ళ జబ్బు. అప్పుడు పెద్ద డాక్టరుగారు కూడా మీలాగే ఇదుంది, అదుంది అని చెప్పబోయారు. నేను చెప్పనిస్తేగా! "ఇంట్లోనే పళ్ళు కట్టేవాణ్ణి పెట్టుకుని ఈ చర్చలేంటండీ, పూర్తి సెట్టు నేను కడతాను" అనేశాను. ఆవిడ పక్కనే ఉంది. ఆవిణ్ణి అడిగానా? లేదు. నాకేమో మూడు బొమ్మలు ముందు పెట్టి ఇంత మర్యాదగా అడుగుతున్నారు. ఆవిడకి ఒక్కటీ చూపించలేదు.

ఎంత బాగా కట్టాననుకున్నారు! రంగు కుదరడానికే వారం పట్టింది. ఎడమవైపు పన్ను ఆవిడకి కొంచెం పక్కకి తిరిగి ఉండేది. పాత ఫొటో ముందు పెట్టుకుని, దాన్నీ అలాగే తిప్పాను. పెద్ద డాక్టరుగారు వెలుతురులో పెట్టి చూసి, "ఇది సెట్టు కాదయ్యా, ప్రేమలేఖ" అన్నారు. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను.

పెట్టుకున్న మర్నాడే చెప్పింది. "మధ్యలో ఒత్తుతోందండీ."

కొత్తలో అందరూ అదే అంటారు, ఓర్చుకో అన్నాను. వారం పోయాక మళ్ళీ అంది. అంచులు గీకి ఇచ్చాను. "అంచులు కాదండీ, మధ్యలో" అని నోరు తెరిచి చూపించబోయింది. నాకు ఒళ్ళు మండింది. "మధ్యలో ఒత్తడానికి అక్కడేముంది? నీ నోటి అచ్చు నా దగ్గరుంది, నాకు తెలీదా?" అన్నాను.

ఆవిడ నోట్లో ఏముందో ఆవిడకంటే నాకే బాగా తెలుసట! నవ్వొస్తోందా? నవ్వండి, పరవాలేదు.

వేలు పెట్టి చూశానా అంటారా? లేదు. అదే కదా నేను చెప్పేది. నోట్లో చూడటం నాకు అలవాటు లేదు. పెద్ద డాక్టరుగారికి చూపించుకుంటానంది ఒకసారి. నా పరువు తియ్యకు, ఊరుకో అన్నాను. ఊరుకుంది.

రెండేళ్ళు చెప్పింది. మూడో ఏడు మానేసింది. "చూశావా, అలవాటైపోయింది" అన్నాను. తలూపింది.

అలవాటు ఎక్కడమ్మా! మేమంతా తిన్నాక వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చునేది. సెట్టు తీసి గిన్నెలో పెట్టేది, టక్కుమని చప్పుడయ్యేది. అన్నం మెత్తగా నలుపుకుని మింగేది. నేను ఇవతల గదిలో పేపరు పట్టుకుని అన్నీ వింటూ విననట్టు ఉండేవాణ్ణి. నా అడుగు వినబడితే చాలు, గబుక్కున నోట్లో పెట్టుకునేది. నేను చిన్నబుచ్చుకుంటానని. ఎవరైనా అడిగితే ఏమనేదో తెలుసా? "ఊరందరికీ ఆయన కట్టినవి సరిపోయాయి. నాకే సరిపోలేదు. నా నోరే అంత."

కాసిని మంచినీళ్ళివ్వండి.

పోయినేడాది మీరు వెనకగది ఖాళీ చెయ్యమన్నారు, గుర్తుందా? ఇకమీద పళ్ళన్నీ కంప్యూటరు మీద బయట చేయిస్తానని. తప్పు పట్టట్లేదమ్మా, రోజులు మారాయి. పాత అచ్చులన్నీ గోనెసంచిలో వేసి సుత్తితో పగలగొడుతున్నాను. ఆవిడది చేతికి తగిలింది. పగలగొట్టబుద్ధి కాక, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూశాను. అంగిలి నడిమధ్యన కత్తి గాటు. శనగగింజంత మేర, నున్నగా.

బుడగ బొడిపె అయితే పైపైన అంటుకుని ఉంటుంది, కత్తి తగిలితే టప్పున లేచిపోతుంది. ఇది అడుగున వెడల్పుగా ఉంది, చెక్కితే గానీ పోలేదు. ఎముకమ్మా అది. కొందరికి అంగిలి మీద ఉంటుందని మీరూ చదువుకునే ఉంటారు. పెద్ద డాక్టరుగారు కొలత తీసేటప్పుడు చూసే ఉంటారు. అచ్చులో వస్తుంది కదా అని ఊరుకుని ఉంటారు. వచ్చింది కూడా. నేనే చెక్కి పారేశాను. అచ్చులో లేదు, ఆవిడ నోట్లో ఉంది. అంగిలంతా కప్పే నా ప్లేటుని దానిమీద అదిమిపెట్టి పదకొండేళ్ళు ఉంచాను.

ఆ రోజే వెళ్ళి చెప్పానా? అక్కడికే వస్తున్నాను. తొందరపెట్టకండి.

ప్లేటు లోపలివైపు, ఆ ఒక్కచోట, మిషను పెట్టి కాస్త అరగదీస్తే చాలు. పది నిమిషాల పని. చిన్న మిషను ఇంట్లోనే ఉంది. మర్నాడు ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు గిన్నెలోంచి సెట్టు తీశాను. మిషను ఆన్ చేశాను. చెయ్యి ఆ చోటు మీదకి వెళ్ళింది కూడా.

చెయ్యలేదు.

ఎందుకంటే, అరగదీస్తే నొప్పి పోతుంది. పోతే అడుగుతుంది. ఇన్నేళ్ళు పోనిది ఇవాళెలా పోయిందండీ, ఏం చేశారండీ అని. ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆ ఒక్క ప్రశ్నకి జడిసి మిషను ఆపేశాను. సెట్టు కడిగి, మళ్ళీ గిన్నెలో పెట్టేశాను.

ఏడాది దాటింది. తెలియక చేసిన పదకొండేళ్ళకి ఎవరైనా పోనీలే అంటారేమో. తెలిసి ఊరుకున్న ఈ ఏడాదికి ఏమంటారు?

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, పోయిన నెల నా పళ్ళు ఊడాక, మీ అపాయింట్‌మెంటు దొరికేదాకా ఉంటుందని నాకు నేనే ఓ ప్లేటు కట్టుకున్నాను. చిగురు మీద ఒక్కచోట ఒత్తింది. ఆవగింజంత చోటు. అబ్బ, కళ్ళల్లో నీళ్ళు! తినలేను, పడుకోలేను, ఎవరు పలకరించినా విసుక్కోవడమే. రోజుకి మూడుసార్లు మిషను దగ్గరికి పరుగెత్తాను. నాలుగే రోజులు. నాలుగో రోజు దాన్ని గోడకేసి కొట్టబోతుంటే, ఆవిడ ఉప్పునీళ్ళ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది. "కొత్తలో అంతేనండీ. ఓర్చుకోండి" అంది.

ఎత్తిపొడుపైతే ఎంత బాగుండేది! కాదమ్మా. నిజంగా జాలిపడే అంది. నేను నేర్పిన మాట నాకే చెప్పింది. ఆ రోజునించి నాకు ముద్ద దిగట్లేదు.

అంచేత ఆ బొమ్మలు నాకు చూపించకండి. నాకు ఏదైనా ఒకటే. బోసినోటితో తిరుగుతాను, నవ్వేవాళ్ళు నవ్వుకుంటారు. ఈ కుర్చీలో ఆవిణ్ణి కూర్చోబెట్టండి. ప్లేటు కావాలా, స్క్రూల మీద పళ్ళు కావాలా, తీరిగ్గా వివరంగా చెప్పి ఆవిణ్ణే అడగండి. ఏది కావాలంటే అదే పెట్టండి. పని బయటే చేయించండి. అందులో నా చెయ్యి పడకూడదు.

ఆవిడకి చెప్పడమా? మీరే చెప్పెయ్యకూడదూ? వయసు మీదపడి అంగిలి మారిందనో ఏదో. డాక్టరు చెప్తే నమ్ముతుంది.

ఒప్పుకోరా? ఊఁ. నిజమే. అలా చెప్తే మళ్ళీ నా నోరే అంత అనుకుంటుంది. ఇన్నాళ్ళ ఆ నొప్పి తన ఊహేమో అని తనకే అనుమానం పట్టుకుంది. కాదు, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం అని ఎవరో ఒకరు చెప్పాలి. నేనే చెప్పాలి.

సరే. చెప్తాను. కానీ ఒక్క సాయం చెయ్యండి. ముందు ఆవిడ నోట్లో కొలత ముద్ద పెట్టండి. పెట్టాక నన్ను పిలవండి. అది గట్టిపడేదాకా రెండు మూడు నిమిషాలు నోరు కదపడానికి ఉండదు కదా. మధ్యలో ఏ ప్రశ్నా వెయ్యడం ఆవిడ వల్ల కాదు. ఆ కాసేపట్లో చెప్పేస్తాను. కత్తి గురించి, ఎముక గురించి, మిషను ఆపేసిన సంగతి, అన్నీ.

అవును, పిరికితనమే. ఇంతకంటే ధైర్యం నా దగ్గర లేదమ్మా.

ముద్ద తీశాక ఏంటంటారా? మీరు తీసేయండి. నన్ను మాత్రం బయటికి పంపకండి. ఆవిడ ఏమంటుందో అంతా విని వెళ్తాను.