రాతి మీద చెక్కని పేరు

"పోయిన నెల తొమ్మిదో తారీఖు. ఆ పూట మీ అక్క పాలలో నానబెట్టిన రొట్టె సగం తింది. ఇక సూదులు వద్దు, ఇంటికి తీసుకెళ్లిపొమ్మని నన్నడిగింది."

"అడిగితే ఆసుపత్రి నుంచి తెచ్చేస్తావా బావా? వారం తిరక్కుండానే పోయింది."

బావమరిది సమాధిరాళ్లు చెక్కే కొట్టులో వాళ్లిద్దరూ ఆమె రాయికి చెరోపక్క నిలబడి ఉన్నారు. దాని మీద ఆమె పేరు, కింద 'మా అక్క' అనే మాట మాత్రమే ఉన్నాయి.

"ఫలానావాడి భార్య అని చెక్కలేదు, చూశావా? చెక్కను కూడా."

"చూశాను. అక్షరాలు చక్కగా కుదిరాయిరా."

"నన్ను తిట్టవేంటి? ఆదివారం చర్చిలో నలుగురి ముందు నిన్ను హంతకుడన్నాను. అప్పుడూ బెల్లంకొట్టిన రాయిలా నిలబడ్డావు."

"తిట్టాలనే ఉంది. నీ గుమ్మం బయట ప్రార్థన చేసుకుని గానీ లోపలికి రాలేదు."

"ఏమని? నాకు బుద్ధి రావాలనా?"

"నా నోరు అదుపులో ఉండాలని. ఇంట్లో ఆమె పేరెత్తే మనిషే లేడు. కోపంతోనైనా నువ్వొక్కడివే ఎత్తుతున్నావు. నీతోనూ మాటలు పోతే నేనేమైపోవాలి?"

ఉలి బల్ల మీద పెట్టిన చప్పుడయింది.

"నేను నిన్ను క్షమించలేదు బావా."

"తెలుసు. తొందరేం లేదు."

"నీ పేరు మాత్రం చెక్కను."

"సరే."

"రేపు పొద్దున రాయి నిలబెట్టాలి. ఒక్కడి వల్ల కాదు. నువ్వొచ్చి అటు కొస పట్టుకో."

"వస్తాను."

ఎప్పుడూ తలుపు ధడాలున వేసే బావమరిది, ఆ సాయంత్రం బావ వీధి మలుపు తిరిగేదాకా ఆగి, చప్పుడు కాకుండా మూశాడు.