వందకు నూటనాలుగు

బుచ్చన్న బొగ్గుబాయిలో ముప్పై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు గానీ, అక్కడ తవ్విన బొగ్గు కంటే మల్లక్క చాయ్ కొట్టు ముందు తవ్విపోసిన మాటలే ఎక్కువ. పొద్దటి షిఫ్టు దిగి, స్నానం చేసి, తలకు ఇంత నూనె రాసుకుని ఆ బల్ల మీద కూర్చున్నాడంటే ఇక ఆయనకు కావలసింది చాయ్ కాదు, వినే మనిషి. ఆ రోజు దొరికినవాడు జగదీశ్వర్.

జగదీశ్వర్ కూడా బాయి పనివాడే. ఆ రోజు సెలవు పెట్టాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కూతురు సంతోషి పదో తరగతి మెమో జిరాక్సు, హెడ్మాస్టరు సంతకం పెట్టిచ్చిన దరఖాస్తు. లెక్కల పేపరు మళ్లీ దిద్దమని అడిగే దరఖాస్తు అది. సాయంత్రం ఐదింటిలోపు పెద్దపల్లి విద్యాశాఖ ఆఫీసులో ఇవ్వాలి, రేపటికి గడువు లేదు. నాలుగింటి బస్సు దాటితే ఇక అందదు. ఇప్పుడు మూడున్నర.

పిల్లకు అన్నిట్లో తొంభై దాటాయి, లెక్కల్లో మాత్రం అరవై ఒకటి. బాసర ట్రిపుల్ ఐటీలో సీటిచ్చేది పదో తరగతి మార్కులు చూసే. ఈ అరవై ఒకటితో అటువైపు చూడక్కర్లేదు. "నేను రాసిన బాపూ, తొంభై అయిదుకు తక్కువ రావద్దు" అని సంతోషి రెండు రోజుల నుంచి ఒకే మాట మీద ఉంది. జగదీశ్వర్‌కు మాత్రం కాళ్లు ముందుకు పడటం లేదు. దిద్దినవాళ్లు చదువుకున్న సార్లు, వాళ్లది తప్పని బొగ్గు మసి పూసుకునే తాను అడగడమా? మళ్లీ అదే అరవై ఒకటి వస్తే పిల్ల ముఖం ఎట్లా చూడాలి? భార్య శోభ అయితే, "ఊకోరాదు, ఈన్నే కాలేజీల వేద్దాం, నలుగుట్ల నవ్వులపాలెందుకు" అనేసింది. సంతోషి తల్లితో వాదించలేదు. తండ్రిని ఒక్కటే అడిగింది.

"నువ్వు నన్ను నమ్ముతున్నవా బాపూ?"

జవాబు చెప్పకుండానే చెప్పులు వేసుకుని బయటపడ్డాడు. బస్సు ఎక్కాలో ఇంటికి మళ్లాలో తేలక, మనిషన్నవాడు చేసే పనే చేశాడు. ఒక చాయ్ చెప్పాడు.

"ఏంది జగదీశ్, మొకం గట్ల వేలాడేసినవ్?" అన్నాడు బుచ్చన్న.

జగదీశ్వర్ నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు. పాపం, చెప్పకుండా ఉండాల్సింది. బుచ్చన్న కాళ్లు రెండూ బల్ల మీదికి వచ్చాయి.

"పేపరు మల్ల దిద్దిచ్చుడా? గీ ముచ్చట ఇంకెవల్నన్న అడుగుతవా? గీ కోల్‌బెల్టుల పేపరు మల్ల దిద్దిచ్చిన మొదటి మనిషి నీ ముంగట్నే కూసున్నడు."

బల్ల అవతలి కొసన రఘుపతి పేపరు చదువుకుంటున్నాడు. ఆయన బాయి ఆఫీసులో గుమాస్తా. ఎవరు ఎన్ని షిఫ్టులు చేశారు, ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు ఎప్పుడు రిటైర్ కావాలి అన్న పుస్తకాలన్నీ ఆయన బీరువాలోనే ఉంటాయి. తల ఎత్తకుండానే పేజీ తిప్పాడు.

"డెబ్బై ఎనిమిదిల పది రాసిన," అని మొదలుపెట్టాడు బుచ్చన్న. "లెక్కలల్ల ఎన్నొచ్చినయో ఎరికేనా? ముప్పై నాలుగు. ముప్పై అయిదొస్తే పాసు. ఒక్క మార్కు. మా మాస్టరు ఏమన్నడు, అరే బుచ్చిగా, గిది నీ మార్కు కాదురా, పొయి అడుగురా అన్నడు. నేనూకుంటనా? అడిగిన. వచ్చింది. అంతే."

"గా ఒక్క మార్కు దాక నేను నమ్ముత," అంది మల్లక్క చాయ్ వడపోస్తూ. "ఈన్నే ఆపేయరాదు బుచ్చన్న."

ఆపితే బుచ్చన్న ఎట్లా అవుతాడు?

"ఎట్లొచ్చిందనుకున్నవ్ మల్లక్కా, ఉత్తగ వచ్చిందా? రామగుండం టేషన్ల రైలెక్కి పట్నం పోయిన. గాడ పెద్దాపీసుల సారును కలిసిన, సారూ నా పేపరు సూపియ్యుండ్రి అన్న. సారు నన్ను ఎనకకు తోల్కపోయి ఒక కొట్టం తలుపు తీసిండు. అటెన్క ఏమైందో ఎరికేనా? మన బాయి కాడ బొగ్గు కుప్ప లేదా, గంతెత్తు పేపర్లు, రాష్ట్రం మొత్తంయి. నీది నువ్వే దేవులాడుకో అన్నడు. నేను అంగీ ఇప్పి పక్కకు పెట్టి, తట్ట తెండ్రి, చెమ్మాస్ పార తెండ్రి అన్న, తెచ్చిండ్రు, ఇగ ఎత్తిపోసుడే. ఒకటో దినం కరీంనగర్ జిల్లా తగల్లే. రెండో దినం తగల్లే. మూడో దినానికి లోపట సొరంగమైంది, పైన పేపర్లు కూలేటట్టున్నయని కింద దుంగలు పెట్టి సపోర్టు కొట్టిన."

"గప్పటికి నువ్వింక బాయిల చేరలే గదా," అంది మల్లక్క.

"రక్తంల ఉంటది మల్లక్కా. నేర్పిస్తె వచ్చేది కాదు."

పెద్దపల్లి బస్సు వచ్చి ఆగింది. జగదీశ్వర్ సగం లేచాడు. బుచ్చన్న భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. "కూసో, నాలుగింటికి ఇంకోటున్నది. నీకు పనికొచ్చే ముచ్చట ఇప్పుడే వస్తాంది." బస్సు వెళ్లిపోయింది. జగదీశ్వర్‌కు నిజానికి లోపల కాస్త హాయిగానే అనిపించింది, నిర్ణయం ఇంకో ఇరవై నిమిషాలు వాయిదా పడింది కదా.

"నా పేపరు దొరికింది. దొరికితే దాన్ని లేవనెత్తుడెట్ల? నేను అడిషనల్ షీట్లు ఎన్ని తీస్కున్ననో ఎరికేనా? అరవై రెండు. పరీక్ష హాలుల దారం సాలక, బాయిల బొగ్గు టబ్బులు గుంజే ఇనుప తాడు తెప్పిచ్చి కట్టిండ్రు. దిద్దే సారు ఏం జేసిండు, పై షీటు జూసిండు, ముప్పై నాలుగేసిండు, కిందియి లేవనెత్తక ఇడిసిపెట్టిండు. గదీ సంగతి."

జగదీశ్వర్ చేతిలో చాయ్ గ్లాసు ఆగిపోయింది. "మా సంతోషి గూడ నాలుగు అడిషనల్లు తీసుకున్నది కాకా," అన్నాడు మెల్లగా. "అవి లెక్కల పట్టలేదేమో అంటాంది."

"పట్టి ఉండరు. నేను చెప్తాన గదా," అన్నాడు బుచ్చన్న, ఆ పేపరు స్వయంగా దిద్దినవాడిలాగా. "ఇగ నా పేపరు మల్ల దిద్దుడు షురూ జేసిండ్రు. ఒక సారు దిద్దిండు, అరవై. గాయిన చెయ్యి నొచ్చింది, ఇంకో సారు కూసున్నడు, ఎనభై. మూడో సారు తొంభై తొమ్మిది కాడ కండ్లు తిరిగి పడ్డడు, దవాఖానకు తీస్కపోయిండ్రు. ఆఖరుకు లెక్కల పుస్తకం రాసిన ముసలి సారు ఉండె, ఆయన్ను మంచంతోటి పట్కొచ్చిండ్రు. అటెన్క ఏమైందో ఎరికేనా? గాయిన పదిహేడో లెక్క కాడ ఆగి, బొటబొట కండ్లనీళ్లు పెట్టుకున్నడు. గీ లెక్క పుస్తకంల నేనే తప్పు రాసిన, గీ పిలగాడు ఒప్పు జేసిండు అన్నడు. అని నాలుగు మార్కులు కలిపిండు. ఎంతైనయి?"

"నూట మూడు," అన్నాడు జగదీశ్వర్. ఎంతైనా లెక్క తెలిసిన పిల్ల తండ్రి.

"నూట నాలుగు. దస్తూరికొకటి," అన్నాడు బుచ్చన్న తడబడకుండా. "ఇగ పంచాయితి మొదలైంది. వందకు మీద ఇచ్చే అధికారం మాకు లేదంటరు సార్లు. నాయి నాకియ్యాలంట నేను. అనుమానం తీరాలని పేపరును లారీల వేసుకొని కాంటా కాడికి పట్కపోయిండ్రు. మార్కులు వెయ్యకముందు తూకం, వేసినంక తూకం. రెండు క్వింటాళ్లు తేడా. ఇగ నాకే జాలేసింది. సరే తియ్యుండ్రి సారూ, నాకు వంద సాలు, మీదున్న నాలుగు మా తాలూకల ఫెయిలైనోళ్లకు పంచుండ్రి అన్న."

"నాలుగు మార్కులు ఎందరికొస్తయి?" అంది మల్లక్క.

"ఎవలి మార్కులయి? నాయి. ఇంత సిటికెడు వేసినా సాలు. గా ఏడు మా తాలూక మొత్తం పాసు. పరీక్ష రాయనోళ్లు గూడ ఇద్దరు పాసైండ్రు."

మల్లక్క నవ్వాపుకోలేక గిన్నె అటు తిప్పుకుంది. జగదీశ్వర్ మాత్రం నవ్వలేదు. అరవై రెండు షీట్లూ, లారీ, మంచమూ అబద్ధమని అతనికీ తెలుసు. వాటి అడుగున, అడిగితే మార్కులు పెరిగిన మనిషి ఒకడు ఉన్నాడు కదా అని దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. అతనికి కావలసింది అంతే.

"అయితే నిజంగనే పెరిగినయంటవు కాకా?"

"పెరిగినయా అని మెల్లగ అడుగుతవేంది? గా మెమో ఇప్పటికీ మా ఇంట్ల అద్దం కట్టిచ్చి గోడకున్నది. నా పేరు, మా బాపు పేరు, పుట్టిన తారీకు, కింద వంద. సర్కారు ముద్రతోటి. ఎవలొస్తరో రమ్మను, సూపిస్త."

రఘుపతి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"పుట్టిన తారీకు గూడ ఉన్నదా బుచ్చన్నా?"

"ఎందుకుండది సారూ, సర్కారు మెమో మీద."

ఆ కాలంలో బాయిలో చేరిన వాళ్ల సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. చదువుకున్నానని చెప్తే సర్టిఫికెట్ మీద ఉన్న పుట్టిన తేదీయే పుస్తకంలోకి ఎక్కేది. బడికి పోలేదంటే డాక్టరు పళ్లు చూసి, మీసం చూసి ఒక వయసు వేసేవాడు. బక్క మనుషులకు అది నాలుగేళ్లు తక్కువే పడేది. అరవై ఒకటికి ఇంటికి పంపే కొలువులో నాలుగేళ్లంటే మాటలా? అందుకని అక్షరాలు వచ్చిన వాళ్లు కూడా కొందరు వాటిని ఊళ్లోనే వదిలేసి, వేలిముద్ర వేసి లోపలికి దిగారు.

"మొన్ననే నీ సర్వీసు పుస్తకం తీసిన," అన్నాడు రఘుపతి, చాయ్ తాగుతూ, చాలా మర్యాదగా. "సదువు అన్న కాడ ఏమీ లేదని ఉన్నది. కింద నీ ఎడమ బొటనవేలు ఉన్నది. పుట్టిన సంవత్సరం, డాక్టరు వేసింది, అరవై ఏడు. గా లెక్కన నీకింక రెండేండ్ల నౌకరి ఉన్నది. మరి డెబ్బై ఎనిమిదిల పది రాసినవంటే, పదకొండేండ్లకే రాసినట్టు."

"తెలివైనోన్ని గద సారూ," అన్నాడు బుచ్చన్న. గొంతు అప్పటికే సగానికి దిగింది.

"తెలివైనోనివే. నేను కాదంటనా. గందుకే రేపు గా మెమో పట్కరా. నకలు పెట్టి వయసు సరిజేస్త. అందరి లెక్క పదిహేనేండ్లకు రాసినవనుకుంటే, రెండేండ్ల కిందనే ఇంటికి పోవాల్సినోనివి."

బుచ్చన్న కాళ్లు ఒకటొకటిగా బల్ల దిగి నేలకు ఆనాయి.

"నేను బడి మొకం జూడలే సారూ," అన్నాడు చివరికి. "నాకు ఓనమాలు గూడ రావు. ఎవలన్న సెప్పిండ్రా?"

"ఎవలూ చెప్పలే. ఇప్పుడే ఎవలో నూట నాలుగు అన్నట్టు ఇనపడ్డది."

మల్లక్క ఇక ఆపుకోలేదు, కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. జగదీశ్వర్‌కు మాత్రం ఒళ్లు మండింది. పట్టుకున్న ఒక్క కొమ్మా విరిగింది, పైగా ఒక బస్సు పోయింది.

"అంటే అంతా కోతలేనా కాకా? నా బిడ్డ సీటు ముచ్చట గిది. పొద్దటిసంది తిండి లేక కూసున్నది. నువ్వు ఆటలు జేస్తానవా?"

బుచ్చన్న ముఖం చిన్నబోయింది. జగదీశ్వర్ కోప్పడతాడని ఆయన అనుకోలేదు, ఆయన కోతలకు ఎవరూ ఎన్నడూ కోప్పడలేదు. రఘుపతి వైపు ఒకసారి చూశాడు. రఘుపతి ఏమనుకున్నాడో గానీ, పేపరు మళ్లీ విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"జగదీశ్, మా ఊర్ల ఒక పిలగాడు ఉండె," అన్నాడు బుచ్చన్న. "పేరెందుకు తియ్యి. వానికి ముప్పై నాలుగొచ్చినయి. గది నిజం. రెండు లెక్కలు ఆఖరు పేజీ ఎనక రాసిండు, సారు పేజీ తిప్పలేదని వాని అనుమానం. మాస్టరు గూడ అడుగుమన్నడు. వాల్ల బాపు ఒప్పుకోలే. సర్కారు తప్పు జేస్తదారా, నువ్వే రాయలే, అబద్ధాలాడుతానవ్ అన్నడు. పిలగాడు మల్ల నోరు తెరవలే. బర్ల కాడికి పోయిండు, అటెన్క బాయిల దిగిండు."

మల్లక్క నవ్వు ఆగిపోయింది.

"అడిగుంటే ఎన్నొచ్చేటియి కాకా?"

"ఏమెరుక బిడ్డా. అడగలే గదా. అడిగి గా ముప్పై నాలుగే ఉన్నయంటే, సరే అని ఆన్నే మర్చిపోవు. అడగలే గనుకనే నలభై ఎనిమిదేండ్ల సంది వాని మార్కులు పెరుగుకుంటనే పోతానయి. మార్కులు పోయినందుకు గాదు వాని దుఃఖం. వాల్ల బాపు నమ్మలే. గదొక్కటి ఇంకా పోలే."

నాలుగింటి బస్సు మలుపు తిరుగుతూ కనపడింది. జగదీశ్వర్ కవరు చంకలో పెట్టుకుని లేచాడు. నడుస్తూనే ఇంటికి ఫోన్ చేశాడు.

"సంతోషీ, పెద్దపల్లి పోతాన బిడ్డా. ఇందాక నువ్వడిగితె జవాబియ్యకుండ వచ్చిన, నాది తప్పు. నిన్ను నమ్ముతాన. ఎన్నొస్తె అన్ని రానీ. లేచి అన్నం తిను."

అటు నుంచి ఏమందో గానీ, ఫోన్ జేబులో పెట్టుకున్నాక బస్సు ఎక్కేముందు భుజం మీది తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. బస్సు వెళ్లిపోయేదాకా బుచ్చన్న అటే చూశాడు.

రఘుపతి పేపరు దించి, చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"బుచ్చన్నా, గా పిలగాడు ఇప్పుడు ఏడున్నడు?"

బుచ్చన్న తలకున్న నూనె ఒకసారి అరచేత్తో సర్దుకున్నాడు. కాళ్లు మళ్లీ బల్ల మీదికి చేరాయి.

"ఈడ లేడు సారూ. రెండేండ్లు ఆగుండ్రి, నేను రిటైరైన తెల్లారి మీ ఆపీసుకు నేనే తోల్కొస్త, మెమోతోటి."