చైనా గంటకి హారతి

పెద్దాపురంలో మరిడమ్మ జాతర రోజులు. అమ్మవారి సినిమా మాట్నీ మొదలైందో లేదో, హాలు యజమాని రాజమౌళి గారు ఊగిపోతూ ప్రొజెక్టర్ గదిలోకి వచ్చి ఆపరేటర్ మీద పడ్డారు.

"నసగకు చంద్రరావూ, అడిగినదానికి చెప్పు. అమ్మవారి సినిమా ముందు ఆ చైనా గంట ఎలా వచ్చింది?"

"సినిమా కంపెనీ గుర్తేనండి. కరాటే సినిమాల ముందొచ్చేది, ఎర్ర తెర మీద బంగారు గంట..."

"అదేంటో నాకు తెలుసు. ఈ రీలుకి ఎవడతికాడు?"

"పొరపాటైపోయిందండి."

"పొరపాటా? గంట గుంయ్‌మనగానే అమ్మవారే వచ్చిందనుకుని ఆడాళ్ళంతా లేచి హారతులిచ్చారు. చైనా అక్షరాలకి కొబ్బరికాయ కొట్టారయ్యా. కింద సిగ్గుతో చచ్చాను."

"ఎవరూ నవ్వలేదండి."

"నవ్వినా బాగుణ్ణు. ఆ దిక్కుమాలిన బొమ్మలు నా హాల్లో ఇక ఆడవని చెప్పానా లేదా?"

"చెప్పారండి."

"వాటి ఫిల్ము ముక్కలన్నీ తగలెట్టమన్నానా లేదా?"

"అన్నారండి. ఇదొక్కటీ..."

"దాచావు. అవి చూసే కదయ్యా నా కొడుకు గోడల మీంచి దూకడం నేర్చుకుంది. ఆఖరికి కాలవ లాకుల మీంచి దూకి..."

"ఇప్పుడా మాటలెందుకండి."

"ఎందుకా? వాడు పోయి రెండేళ్ళన్నా కాలేదు. అన్నీ తెలిసే అతికావా?"

"తెలిసేనండి."

"నా మీద ఏం కసయ్యా నీకు?"

"మీ ఉప్పు తింటున్నానండి. కసేంటండి."

"మరెవరు అతకమన్నారు? పేరు చెప్పు."

"చెప్పనని మాటిచ్చానండి."

"అయితే తాళాలక్కడ పెట్టి దిగు. రేపట్నుంచి నీ మొహం కనబడకూడదు."

"ఇవిగోండి తాళాలు. ఈ రీలవగానే దిగిపోతాను."

"ఉద్యోగం పోయినా పర్లేదా? అంత గొప్పవాడెవడయ్యా? చెప్పు, వాణ్ణి ఈడ్చుకొచ్చి..."

"అమ్మగారండి."

"ఏ అమ్మగారు?"

"మీ ఇంటావిడేనండి, అన్నపూర్ణమ్మ గారు. గుడికని చెప్పి ఇటొచ్చారు. ఆ గంట మోగితే చాలు, బాబు కుర్చీ ఎక్కి కేకలేసేవాడు కదండి. అది ఒక్కసారి వినిపించమని నా చేతులు పట్టుకున్నారు."

"ఇంట్లో నాతో ఒక్క మాట..."

"బాబు పేరెత్తితే మీరు విరుచుకుపడతారంట కదండి. ఇంట్లో ఏడవనివ్వరంట. కింద ఆడాళ్ళ మధ్య కూర్చుని ఏడుస్తున్నారు, వెళ్ళండి."