మన వీధి వంతు

కాలువలోకి మంచు తోయడానికి పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకానే మన వీధి వంతని, మీరు ఈ వీధిలో దిగిన రోజే చెప్పానా లేదా, హిరోసె గారూ? పైవీధి వాళ్ళు తోసిన మంచు ఇంకా కాలువలో పోతుండగానే మనమూ తోస్తే ఏమవుతుంది? కాలువ బిగుసుకుపోతుంది. నీళ్ళెటు పోతాయి? పల్లంలో ఉన్న కుదో పెద్దావిడ ఇంట్లోకే కదా.

తతామి చాపలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఎనభై ఆరేళ్ళ మనిషి, వణుక్కుంటూ చెల్లెలింటికి పోయింది.

అయ్యో, వద్దు, అలా నేలకి వంగకండి, లేవండి. క్షమాపణ చెప్పడానికి ముందుగా నా దగ్గరికే ఎందుకొచ్చారు? వీధిపెద్దననా? అవున్లెండి, పదకొండేళ్ళుగా నేనే.

ఏమిటీ? ఏడు దాటాకే కాలువ మూత తీసినట్టు గుర్తు గానీ, గడియారం సరిగ్గా చూసుకోలేదేమో అంటారా?

...కూర్చోండి.

ఆ పొద్దున మంచు తోసే బండి వెళ్తూ వెళ్తూ మా గుమ్మం ముందు నడుమెత్తు గడ్డలు వదిలిపోయింది. నా ఒక్కదానికే కాదు, అందరికీ అంతే. కానీ పోయినేడాది నుంచి నా నడుం నా మాట వినట్లేదు. అందరూ ముగించి మూతలు వేసేసినా నేనింకా సగంలోనే ఉంటాను. అప్పుడు పారలు పట్టుకుని సాయానికొస్తారు. మంచివాళ్ళే. ఆ సాయమే... ఎలా చెప్పను? ముసలిదైపోయింది పాపం అని వాళ్ళనుకోవడం నాకు పడదు.

అందుకని ఆరుంబావుకే మూత తీసి మంచు తోశాను. నేనే.

మీరు మూత తీసేసరికే కింద మలుపులో కాలువ బిగుసుకుపోయి ఉంది. మీరు తీసింది ఏడూ అయిదుకి. మా కిటికీలోంచి చూశాను.

వీధి మీటింగులో ఎవరో, కొత్తాయనకి వేళలు తెలియవేమో అన్నారు. అందరూ నా వంక చూశారు. 'అయ్యుండొచ్చు' అన్నాను. అంతే, ఒక్క మాట. దాంతో మీ ఆవిడ నాలుగు రోజులుగా మన వీధి కొట్టుకి రావడమే మానేసిందట. మీరేమో, వీధిపెద్ద అందంటే నిజమే అయ్యుంటుందని మీ గుర్తునే అనుమానించారు.

ఇప్పుడే కుదో గారి దగ్గరికి వెళ్తాను. మీరు వెంట రాకండి. మీరు పక్కనుంటే నా బదులు మీరే క్షమాపణ చెప్పేస్తారు. నేనూ ఊరుకుంటాను.