స్పెయిన్ దాకా నెట్టిన స్క్రమ్

"అసలు సంగతి చిన్నదేనయ్యా," అన్నాడు గ్రాస్యాన్, గిన్నె అడుగున మిగిలిన క్యాబేజీ సూపులో కాస్త ఎర్ర వైన్ ఒంపుకుని. "ఆ రోజు నా కాలి బొటనవేలు విరిగింది. విరిగిన వేలితోనే ఆట మొత్తం ఆడాను. అంతే. అదేదో గొప్పని నేననను."

"అనకుండా ఎప్పుడున్నావులే," అన్నాడు బెర్నా. ఊరంతా ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. గ్రాస్యాన్ కోతలు వినడానికే రోజూ మధ్యాహ్నం ఈ కాఫీ హోటలు వసారాలోకి వస్తాడు.

గిన్నె రెండు చేతులా ఎత్తి గటగటా తాగేసి, మీసం తుడుచుకున్నాడు గ్రాస్యాన్. గుమ్మంలో నిలబడి చూస్తోంది అతని చెల్లెలు మయిలిస్. హోటలు ఆమెదే. రోడ్డుకు అవతల ఒస్సెర్ ఊరి రగ్బీ జట్టు మైదానం, దాని ఇనపగేటు. ఆ వెనక కొండలు దాటితే స్పెయిన్.

ఈ రోజు మూడో మనిషి కూడా ఉన్నాడు. క్లబ్బు ప్రెసిడెంటు లబార్త్, పంది తొడలు ఉప్పులో ఎండబెట్టి అమ్మే ఆసామి. ఆయన ఊరికే రాలేదు. ఆగస్టు అయిపోతోంది, వచ్చే వారమే మొదటి మ్యాచ్. కిందటేడు జట్టు రెండో డివిజనులో గోటితో వేలాడి బతికింది. ఈ ఏడు అదీ కష్టంలాగే ఉంది. పరుగెత్తే ఫిజీ కుర్రాణ్ణి పెద్ద ఊరి జట్టు ఎగరేసుకుపోయింది. గోలు స్తంభాల మీదుగా బంతి తన్నేవాడికి డాక్టర్లు మోకాలు కోశారు. స్క్రమ్ ముందు వరసలో ఎడమవైపు స్తంభంగా నిలబడే జార్జియా మనిషి తల్లి పోయిందని వెళ్లి, ఇంకా రాలేదు. కోచ్ జూన్‌లోనే మూట సర్దుకున్నాడు. కొత్తగా వచ్చిన కుర్ర కోచ్‌కి పరుగులూ పాసులూ తెలుసు గానీ, ఎనిమిది మంది తలలు దించి, భుజాలు కలిపి, అవతలి ఎనిమిది మందిని నెట్టే స్క్రమ్ అంటే వణుకు. అందుకే ఒకప్పుడు ఈ ఊరికి కుడి స్తంభంగా నిలబడ్డ గ్రాస్యాన్, రెండు వారాలుగా ముందు వరస కుర్రాళ్లని వంచి నెట్టిస్తున్నాడు. ఆ పని అతనికే ఖాయం చేయాలా వద్దా అన్నది లబార్త్ ఈ పూట తేల్చుకుంటాడు.

ఆ ముందు వరసలో నడిమివాడు ఎల్వా, మయిలిస్ కొడుకు. నడిమివాడి రెండు చేతులూ పక్కవాళ్ల భుజాల మీద ఉంటాయి. స్క్రమ్ కూలితే నేలకి ఆనించుకోవడానికి వాడికి చెయ్యి ఖాళీ ఉండదు. బరువంతా మెడ మీదే. మంగళవారం నుంచి ఎల్వా మెడ తిప్పలేకపోతున్నాడు. అడిగితే, "తలగడ పడలేదమ్మా," అంటాడు.

అన్నయ్య గ్రాస్యాన్ సంగతి ఇంకొకటి ఉంది. మొన్న బూట్లు కారులో వేసుకుని పాత ప్రాక్టీసు మైదానానికి వెళ్లాడు. అక్కడిప్పుడు పెద్ద సరుకుల దుకాణం. బళ్లు ఆపే చోట బూట్లు చేత్తో పట్టుకుని, కుర్రాళ్లింకా రాలేదేమని నిలబడితే, మయిలిస్సే వెళ్లి తీసుకొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

"వినండి ప్రెసిడెంటు గారూ," గ్రాస్యాన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మోంగ్లార్ వాళ్ల మైదానం. వాన. మామూలు వాన కాదు, బూటులో చేప ఈదే వాన. వాళ్లదే పైచేయి, ఆట అయిపోవస్తోంది, వాళ్ల గోలు గీత ముందర స్క్రమ్ పడింది. నా వేలు బూటులో గులకరాయిలా దొర్లుతోంది. 'నెట్టండ్రా' అన్నాను. నెట్టాం. వాళ్లు వెనక్కి. మళ్లీ నెట్టాం. గీత దాటారు. 'చాల్లే గ్రాస్యాన్, గెలిచాం' అని మా నడిమివాడు లుస్యాన్ గోల. ఆగితే గదా! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"కంచె దాటారు," అన్నాడు బెర్నా.

"కంచె ఎవడికి కావాలోయ్, కంచెతో సహా దాటాం! కంచె వాళ్ల నడుములకి మొలతాడులా చుట్టుకుంది. ముప్పై రెండు కాళ్ల జంతువు రోడ్డెక్కితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. బస్సు ఆగిపోయింది. ఎదురుగా చర్చి. పాదిరీ గారు ప్రార్థనలో ఉన్నారు, మా చప్పుడు విని రెండు తలుపులూ బార్లా తీశారు, ముందు తలుపులోంచి దూరాం, వెనక తలుపులోంచి తేలాం, మధ్యలో దీవెన కూడా అయిపోయింది. అక్కణ్ణుంచి ఇదిగో, వీరి నాన్నగారి దుకాణం..."

"మా దుకాణమా?" లబార్త్ నవ్వాడు.

"మీదేనండీ. బయటికొచ్చేసరికి మా ఎనిమిదోవాడి మెడలో పంది తొడ వేలాడుతోంది. మీ నాన్నగారు ఒక్క మాటనలేదు. ఉప్పు సరిగా పట్టని తొడ, పోతేపోయిందనుకున్నారు."

"పోయినవాళ్ల మీద అబద్ధాలు ఆడకురా, కళ్లు పోతాయి," అన్నాడు బెర్నా.

"కళ్లు మూసుకునే నెట్టాం! ఏరొచ్చింది. మోంగ్లార్ వాళ్లు వెనక్కి నడుస్తున్నారు గదా, వాళ్ల వీపులు ముందు తడిశాయి. నీళ్లలో అరగంట. ఒక్క భుజం సడలలేదు. ఇంక కొండ. కొండ మీద మంచు. అక్కడ, నమ్మితే నమ్మండి, ఎలుగుబంటి. వచ్చి, ఒకసారి వాసన చూసి, వెనక వరసలో తల దూర్చింది."

"ఎవరివైపు?"

"అదేం ప్రశ్నరా? మావైపే! ఈ కొండల్లో పుట్టిన ఎలుగుకి ఆట తెలియదా? వాళ్ల నడిమివాడు బావురుమన్నాడు. మా నడిమివాడు ఎల్వా అయితే..."

బెర్నా గ్లాసు కిందపెట్టాడు. "ఎల్వా ఏమిట్రా? వాడప్పటికి పుట్టనేలేదు."

ఒక్క క్షణం. మయిలిస్‌కి మాత్రమే కనిపించింది. అన్నయ్య కళ్లు చీకటిగదిలో అగ్గిపెట్టె కోసం తడుముకునేవాడి చేతుల్లా అటూ ఇటూ తిరిగాయి. తర్వాత బల్ల మీద గుద్ది నవ్వాడు.

"పుట్టకముందే ఆడాడోయ్! మా వంశం అట్లాంటిది!"

లబార్త్ కడుపు పట్టుకుని నవ్వాడు. బెర్నా చేతులెత్తి మొక్కాడు. మయిలిస్‌కి మాత్రం తేడా తెలిసింది. చిన్నప్పటినుంచీ అన్నయ్య కోతలు సరదాకే కోసేవాడు. ఇప్పుడు చిరుగు కనపడకుండా కప్పుకోవడానికి కోస్తున్నాడు.

"చివరికేమైందంటే," గ్రాస్యాన్ గొంతు ఇంకా పెంచాడు, "కొండ దిగేసరికి స్పెయిన్! సరిహద్దు పోలీసులు కాగితాలు చూపించమన్నారు. చేతులు ఖాళీ ఉంటే గదా చూపించడానికి! రెఫరీ మా వెనకే ఊదుకుంటూ వచ్చాడు పాపం, ఈలలో మంచు గడ్డకట్టింది. స్పానిష్ నేర్చుకుని మరీ పాయింట్లు మాకిచ్చాడు. అదండీ స్క్రమ్ అంటే. ఫిజీవాడు పోతేనేం, జార్జియావాడు రాకపోతేనేం? నాకు ఎనిమిది మందిని ఇవ్వండి, ఎలుగుని నేనే చూసుకుంటా."

లబార్త్ కళ్లు తుడుచుకుని, కాస్త ముందుకు వంగాడు. "సరేనయ్యా గ్రాస్యాన్. సోమవారం మా కుర్రాళ్లకి ఏం చెప్తావో అది చూపించు. చాలు."

గ్రాస్యాన్ చటుక్కున లేచాడు. మూడు కుర్చీలు ఒక వరస, ఎదురుగా మూడు. మధ్యలో ఒక చెయ్యి చాచినంత ఎడం వదిలాడు. ఒక కుర్చీ వీపు పట్టుకుని, నడుము వంచి, రెఫరీ గొంతుతో అరిచాడు.

"వంగండి! తాకండి! ఆగండి! దూరండి!"

కుర్చీతో ఎదుటి కుర్చీల మీదికి దూకాడు. ఒకటి వసారా మెట్ల మీదుగా దొర్లి రోడ్డు మీద పడింది.

ఒస్సెర్‌లో పాలు తాగే పిల్లలకీ తెలిసిన సంగతి అది. ఆ నాలుగు కేకలు ఎప్పుడో పోయాయి. చెయ్యంత ఎడం నుంచి రెండు వరసలూ పొట్టేళ్లలా ఢీకొంటే మెడలు విరుగుతున్నాయని తీసేశారు. ఇప్పుడు మూడే కేకలు. ముందు ఒకరినొకరు పట్టుకోవాలి, ఆ తర్వాతే నెట్టాలి. మంగళవారం తన కొడుకుని ఏ దూరం నుంచి దూకించాడో మయిలిస్‌కి కళ్లకు కట్టినట్టయింది. వాడెందుకు నోరు విప్పలేదో కూడా తెలిసింది. మేనమామ మరి. ఊరికి స్తంభంలా నిలబడ్డ మనిషి.

బెర్నా గ్లాసులోకి చూస్తున్నాడు. లబార్త్ తన బూట్లని చూసుకుంటున్నాడు. పోనీలే, పొరపాటున అన్నాడేమో, ఇంకెవరున్నారు గనక అని ఆయన సర్దిచెప్పుకోవడం మయిలిస్ చూసింది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఆయన సరే అనేస్తాడు.

"అన్నయ్యా," అంది. "రెఫరీ ఇప్పుడు అట్లా అనడు."

"మరేమంటాడు? పాట పాడతాడా?"

ఎవరూ నవ్వలేదు.

"ఏమంటాడో నువ్వే చెప్పు."

గ్రాస్యాన్ కుర్చీ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "వంగండి," అన్నాడు. ఆగాడు. "వంగండి..." బెర్నా వైపు తిరిగాడు. బెర్నా మొహం పక్కకి తిప్పుకున్నాడు. "స్పెయిన్‌లో అయితే..." అని ఎత్తుకుని, ఆ మాట కూడా వదిలేశాడు.

"వంగండి, పట్టుకోండి, ఆట," అంది మయిలిస్.

"ఎప్పుడు మార్చారు?"

"పదేళ్లు దాటింది."

"నాకు చెప్పకుండానే?" అతని మెడ ఎర్రబడింది. "ఇన్నేళ్లు ఈ ఊరి కోసం తల పగలగొట్టుకున్నవాణ్ణి, నాకొక్క మాట చెప్పకుండా మార్చేస్తారా?"

"చెప్పారన్నయ్యా. అప్పుడు పిల్లల జట్టు నీ చేతిలోనే ఉంది. ఆ మూడు మాటలూ ఎల్వా నేర్చుకుంది నీ నోటినుంచే. తప్పు చెప్పినవాడికి మైదానం చుట్టూ పరుగు పెట్టించేవాడివి."

లబార్త్ లేచాడు. మెట్లు దిగి, రోడ్డు మీద పడ్డ కుర్చీ తెచ్చి నిలబెట్టాడు. గ్రాస్యాన్ భుజం మీద చెయ్యి వేసి, గేటు వైపు వెళ్లిపోయాడు. "నేనూ అట్లా వెళ్తా," అంటూ బెర్నా వెనకే నడిచాడు.

గ్రాస్యాన్ మెట్టు మీద కూలబడ్డాడు. వంకర తిరిగిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని, పెదవులు కదుపుతూ మూడు మాటలూ లోలోపల కూడబలుక్కున్నాడు. మయిలిస్ వచ్చి పక్కన కూర్చుంది. అవతల గేటులోంచి కుర్రాళ్లు ప్రాక్టీసుకి వెళ్తున్నారు.

ఆమెకొక్కదానికే వినపడేట్టు అడిగాడు.

"బాగానే నేర్పానా?"

"బాగా నేర్పావన్నయ్యా. ఎల్వా మెడ ఇన్నాళ్లు నిలిచింది అందుకే."