అర్థమైంది సార్

ఫిజిక్సు స్టాఫ్‌రూము. పెద్ద మాస్టారూ, ఒకప్పటి ఆయన శిష్యురాలూ. ఆవిడ ఇప్పుడు అక్కడే లెక్చరరు.

"నీ కంప్యూటరు తప్పు చూపిస్తోంది. మళ్ళీ నొక్కు."

"మూడుసార్లు నొక్కాను మాస్టారూ. అరవై రెండు మందిలో ముగ్గురి జవాబే ఒప్పు."

"నిన్న గంటసేపు గొంతు చించుకున్నానమ్మా. పైకి విసిరిన రాయి పైదాకా వెళ్ళి ఆగిన క్షణంలో కూడా దాని బరువు దాన్ని కిందికి లాగుతూనే ఉంటుందని. అర్థమైందా అంటే, అర్థమైంది సార్ అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు."

"అరిచారు. ఇవాళ అదే ప్రశ్న పెట్టి ఫోన్లలో జవాబు నొక్కమంటే మాత్రం, ఆ క్షణంలో ఏ బలమూ ఉండదని నొక్కారు."

"ముప్పై ఏళ్ళుగా అందరికీ అర్థమవుతూనే ఉంది. నీ ఫోన్లొచ్చాకే ఎవడికీ అర్థం కాకుండా పోయింది."

"ప్రిన్సిపాల్ గారు సాయంత్రానికి ఈ లెక్క పంపమన్నారు..."

"తెలుసు. చూసి నా క్లాసు తీసి నీకిస్తాడు. రిటైరయ్యేదాకా ఏడాదంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి నేను."

"నేనడగలేదు మాస్టారూ."

"నిన్ననడం లేదులే. ఆ ముగ్గురెవరు? పేర్లు పైన పెద్దగా రాయి. నా పాఠం చెవికెక్కినవాళ్ళు ముగ్గురైనా ఉన్నారు."

"టీ తాగుతారా?"

"పేర్లడిగితే టీ ఏమిటి?"

"చల్లారిపోతుందని..."

"అమ్మాయ్. జవాబు చెప్పలేనప్పుడు నా క్లాసులోనూ ఇలాగే మాట మార్చేదానివి."

"ఆ ముగ్గురూ నిన్న మీ పాఠం వినలేదు మాస్టారూ."

"అంటే?"

"క్లాసు ఎగ్గొట్టి గ్రౌండులో బంతి ఎగరేసి పట్టుకుంటున్నారు. మీరే వెళ్ళి తిట్టొచ్చారు. పైనుంచి పడ్డ బంతి తగిలి ఒకడి ముక్కు కూడా వాచింది."

"వాడికి ఒప్పు రాక ఏం చేస్తుంది... నిజం చెప్పు. నీకైనా అర్థమైందా, ఆ రోజుల్లో?"

"లేదు మాస్టారూ. అందరితోపాటు అరిచాను."

"మరి ఇప్పుడెలా చెబుతున్నావు?"

"మొదటి క్లాసుకి ముందురోజు డాబా ఎక్కి, బంతి ఎగరేసి చూసుకున్నాను."

"అప్పుడే నాతో చెప్పి ఉండొచ్చుగా."

"అర్థమైందా అని అడిగేవారు. ఏం అర్థమైందని ఎప్పుడూ అడగలేదు."

"ఆ టీ ఇలా ఇవ్వు."

"ఇదిగోండి. పోనీ, ఈ లెక్క రేపు పంపనా?"

"వద్దు. ఉన్నదున్నట్టు ఇవాళే పంపు. రేపు నా క్లాసు గ్రౌండులో అని రాయి. ఆ తర్వాత ఇదే ప్రశ్న మళ్ళీ నొక్కిద్దాం. అది చూశాకే క్లాసు ఎవరికివ్వాలో తేల్చుకోమను."

"సరే. బంతి నేను తేనా?"

"అక్కర్లేదు. నిన్న ఆ వెధవల దగ్గర లాక్కున్నది నా సొరుగులోనే ఉంది."