మొదటి వరసలో వీరభద్రరావు

మా వీరభద్రరావు నోరు తెరిచాడంటే ఎదుటివాళ్ళ చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. ఉద్యోగం తంజోంగ్ పగార్‌లో బ్యాంకులో, మాటలు మాత్రం ఖండాలు దాటిపోతాయి. ఆ ఆదివారం పొద్దున్న తిండి దుకాణాలన్నీ ఒకచోటుండే బుకిట్ పంజాంగ్ హాకర్ సెంటర్‌లో తెలుగు సంఘం వార్షికోత్సవం గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నాం. చైనా పాప్ గాయని ఫాంగ్ రూయిని మన స్టేజి ఎక్కిస్తానన్నాడు. టోక్యో నుంచి పారిస్ దాకా ఎక్కడ పాడినా టికెట్లు దొరకని మనిషి ఆవిడ. సంఘం అధ్యక్షుడు సుధాకరరావుగారు ఆ ఒక్క మాటకే పడిపోయి, లీలావతిగారి పిల్లల డాన్స్ తీసేసి ఆ టైము ఫాంగ్ రూయికి ఇచ్చేద్దామన్నారు. సెలవులన్నీ ఆ పిల్లలతో ప్రాక్టీసు చేయించిన లీలావతిగారు ఏడవడం ఒక్కటే తక్కువ.

"అసలు ఆవిడ మీకెలా తెలుసండీ?" అని అడిగారు.

అడగడమే పాపమైంది.

"ఎలా తెలుసంటారేంటండీ, ఆ అమ్మాయికి మొట్టమొదట చప్పట్లు కొట్టింది నేనే! కొత్తగా ఈ ఊరొచ్చిన రోజులు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తున్నా. ఇదిగో, ఈ అపార్ట్‌మెంట్ బ్లాకుల వెనకాల ఖాళీ స్థలంలో టెంటు, స్టేజి, రంగురంగుల లైట్లు. పాటల ప్రోగ్రాం, అదీ ఫ్రీగా! జనం కిక్కిరిసిపోయారు, ముసలాళ్ళు కూడా నిలబడే ఉన్నారు పాపం. మొదటి వరస చూద్దును కదా, ఎర్ర కుర్చీలు, వరసంతా ఖాళీ! కూర్చోడానికి ఒక్కడికీ దమ్ము లేదు. మనదేమో తెనాలి! వెళ్ళి నట్టనడుమ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"లేపేశారా?" అన్నారు సుధాకరరావుగారు.

"నన్ను లేపడమా! జనమంతా ఒక్కసారి 'హా' అన్నారండీ, నా తేజస్సు చూసి. ఒక ముసలావిడైతే రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. నా కాళ్ళ దగ్గర అగరొత్తులు వెలిగించారు. పక్కన బల్ల మీద కమలాపళ్ళు, గులాబీ రంగు కేకులు, బుల్లి కప్పుల్లో టీ. మా అత్తారింట్లో కూడా అంత మర్యాద జరగలేదనుకోండి. మొహమాటపడితే వాళ్ళు బాధపడతారని అన్నీ లాగించేశా."

జగన్నాథం అంకుల్ టీ గ్లాసు కింద పెట్టారు. ఆయన మలేషియాలో పుట్టి, కుర్రతనంలోనే ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగాయన. మాట్లాడటం తక్కువ, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' ఒకటి తగిలిస్తారు.

"అన్నీ తిన్నావా?" అన్నారు.

"ఒక్క ముక్క మిగల్చలేదంకుల్! అప్పుడొచ్చింది స్టేజి మీదికి ఫాంగ్ రూయి. బక్కపల్చటి పిల్ల, అప్పటికి ఎవరికీ తెలీదు. ఏదో జ్వరమొచ్చినట్టు సన్నగా పాట మొదలెట్టింది. నన్ను చూసింది. కేకు నములుతూనే ఇలా కనుబొమ్మ ఎగరేశా, కానియ్ అన్నట్టు. అంతే! గొంతు లేచింది చూడండీ, పైకి, ఇంకా పైకి, ఈ బ్లాకుల కిటికీ అద్దాలన్నీ జలజలా రాలిపోయాయి. పైన పోతున్న ఎల్‌ఆర్‌టీ రైలు ఠక్కున ఆగి వినేసింది!"

"దానికి డ్రైవరే ఉండడు కదండీ?" అన్నారు సుధాకరరావుగారు.

"నేను చెప్పేదీ అదే! ఎవరూ ఆపకుండానే ఆగింది. రైలుకే మనసు కరిగిందండీ! చాంగీ ఎయిర్‌పోర్టులో దిగాల్సిన విమానాలు దిగడం మానేసి మన నెత్తిమీదే గిరగిరా తిరిగాయి. అందులో ఒక విమానంలో ఎవరున్నారో తెలుసా? లండన్ పాటల కంపెనీ యజమాని! కిటికీలోంచి తల బయటికి పెట్టి..."

"విమానం కిటికీలోంచా?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"అద్దాలన్నీ రాలిపోయాయని ఇందాకే చెప్పానా లేదా? తల బయటికి పెట్టి, 'ఈ అమ్మాయి నాకు కావాలి' అని అరిచాడు. అలా మొదలైందండీ ఆవిడ కెరీర్. పారిస్‌లో పాడితే వినడానికి ఈఫిల్ టవర్ వంగింది, పొద్దున్నే తాళ్ళు కట్టి నిలబెట్టుకున్నారు. టోక్యోలో రావాల్సిన భూకంపం పాట అయ్యేదాకా బయటే కూర్చుంది. ఇప్పటికీ ఏ దేశంలో పాడినా ముందు నా మొహం తలుచుకుంటేగానీ ఆ గొంతు లేవదు. అలాంటిది నేను పిలిస్తే రాదూ? లీలావతిగారూ, ఏమీ అనుకోకండి, ఆవిడ పాడే స్టేజి మీద పిల్లలు గెంతితే ఏం బాగుంటుంది?"

లీలావతిగారి మొహం చిన్నబోయింది. సుధాకరరావుగారు డాన్స్ కొట్టేయడానికి పెన్ను తీశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వీరభద్రం, అది ఆగస్టు నెలేనా?" అని అడిగారు జగన్నాథం అంకుల్.

"అవునంకుల్! మీరూ వచ్చారా?"

"రాలేదు లా. చైనావాళ్ళకి అది ఏడో నెల. మన మహాలయ పక్షాల మాదిరి. పోయినోళ్ళు తిరిగొస్తారని నమ్ముతారు. ఆ పాటలు వాళ్ళ కోసమే పెట్టిస్తారు. మొదటి వరస ఎందుకు ఖాళీగా పెట్టినారనుకున్నావు? అది చచ్చిపోయినోళ్ళు కూర్చునే వరస. బతికున్నోడెవడూ కూర్చోడు."

ఆ ఎర్ర కుర్చీలో కేకు నములుతున్న వీరభద్రరావు నాకు అప్పుడు సరిగ్గా కళ్ళకి కట్టాడు.

"మరి... ఆ అగరొత్తులు?" అన్నాడు వీరభద్రరావు.

"వాళ్ళకే."

"ఆ కేకులూ, పళ్ళూ?"

"అవీ వాళ్ళకే."

"అంటే పిండం తిన్నారన్నమాట," అన్నారు లీలావతిగారు, ఆ పొద్దున మొదటిసారి నవ్వి. "కాకులకి కూడా మిగల్చకుండా!"

"మరి ఆ పిల్ల గొంతు అంత పైకి ఎలా లేచిందండీ?" అన్నారు సుధాకరరావుగారు, ఇంకా ఆశ చావక.

"దెయ్యాల కుర్చీలో ఉన్నట్టుండి ఒకడు కనబడి, పిండాలు నములుతూ కనుబొమ్మ ఎగరేస్తే నువ్వైతే అరవవా? అది పాట కాదయ్యా, కేక," అన్నారు అంకుల్.

వీరభద్రరావు మళ్ళీ ఛాతీ పొంగించాడు. "చూశారా మరి! దెయ్యాలంతటివి లేచి నాకు సీటిచ్చాయి!"

"ఎవరు లేచారు? వాళ్ళ ఒళ్ళోనే కదా కూర్చున్నావు."

వీరభద్రరావు తను కూర్చున్న స్టూలు నుంచి గభాల్న లేచాడు. సుధాకరరావుగారు పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

"లీలావతిగారూ, ఆ టైము మీ పిల్లలదే. ఈయన్ని మాత్రం మొదటి వరసలో కూర్చోనివ్వకండి, పిల్లలు జడుసుకుంటారు."